సిటీ ఎడిషన్ వెళ్ళాక

మొన్నామధ్య మా అమ్మాయిని శంషాబాద్‌లో విమానం ఎక్కించి అద్దె కారులో ఇంటికి తిరిగి వస్తున్నాను. తెల్లవారుజాము మూడున్నర అయి ఉంటుంది. లక్డీకాపూల్ దగ్గర, మూసి ఉన్న ఒక బట్టల దుకాణం మెట్ల మీద పేపర్ కుర్రాళ్ళు కట్టలు విప్పుకుని కూర్చుని, ఒక్కో పత్రికలోకి జిల్లా సంచికను దూరుస్తూ కనిపించారు. కారు అద్దం దించి ఉండడంతో ఆ వాసన నేరుగా వచ్చి తగిలింది. అప్పుడే అచ్చయి వచ్చిన పత్రికకు సిరా, కిరసనాయిలు, తడి కాగితం కలిసిన ఒక వాసన ఉంటుంది. కాసేపటికే అది ఆరిపోతుంది గనుక పొద్దున్నే ఇంట్లో కూర్చుని పేపరు చదివేవాళ్ళకు అది తెలిసే వీలు లేదు. నేను పద్దెనిమిదేళ్ళ పాటు ఆ వాసన చేతులకు అంటించుకుని ఇంటికి వెళ్ళినవాణ్ణి. డ్రైవర్‌ను ఆపమని చెప్పి దిగి, ఒక కాపీ కొనుక్కుని, చదవకుండానే చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

"చాయ్ తాగుదాం సార్, నిద్ర ఆగుతలేదు" అన్నాడు డ్రైవర్. దేవరకొండ వైపు కుర్రాడు. ఇద్దరం చుట్టూ చూశాం. అంతస్తుల మీద అంతస్తులుగా దీపాలు వెలుగుతున్నాయి, నెత్తి మీద మెట్రో వంతెన ఉంది, హోర్డింగుల నిండా వెలుతురు ఉంది. చాయ్ మాత్రం ఎక్కడా లేదు. నేను రాత్రి రెండింటికి వెళ్ళి కూర్చున్న ఇరానీ హోటల్ అక్కడికి కూతవేటు దూరంలోనే ఉండేది. ఇప్పుడా చోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, దానికి ఇనుప షట్టర్ దించి ఉంది.

ఈ నగరానికి ఇప్పుడు రాత్రి జీవితం వచ్చిందని అందరూ అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆ కోపం ఎక్కడిదో ఆ రాత్రి కారులో కూర్చున్నాక కొంత అర్థమైంది.

*

నేను ఉద్యోగంలో చేరేనాటికి మా పత్రికలో కంప్యూటర్లు కంపోజింగ్ విభాగానికే వచ్చాయి. డెస్కులో మేము న్యూస్‌ప్రింట్ ముక్కల మీద పెన్నుతోనే రాసేవాళ్ళం. మూలన టెలిప్రింటర్ టకటకమంటూ కాగితాన్ని కక్కుతూనే ఉండేది, పెద్ద వార్త వస్తే గంట మోగించేది. మేము చింపి ఇచ్చిన ముక్కలు అక్షరాలై, బ్రొమైడ్ అనే ఫోటో కాగితం మీదికి ఎక్కి, పేస్టింగ్ బల్ల దగ్గరికి వచ్చేవి. అక్కడ ఫోర్‌మన్ బ్లేడుతో వాటిని వెంట్రుకవాసి తేడా లేకుండా కోసి పేజీ మీద అతికించేవాడు. నాలుగు లైన్లు ఎక్కువైతే "ఏం తీసెయ్యమంటారు సార్?" అని బ్లేడు గాలిలో పట్టుకుని నిలబడేవాడు. ఏ నాలుగు లైన్లు తియ్యాలో ఆ క్షణంలో చెప్పడమే మా ఉద్యోగం.

దూరపు జిల్లాల ఎడిషన్లు ముందు వెళ్ళేవి. ఆదిలాబాద్ వెళ్ళే జీపు రాత్రి తొందరగా కదలాలి గనుక అక్కడి పాఠకుడికి రాత్రి తొమ్మిది దాటాక ప్రపంచంలో ఏం జరిగినా మరునాటి పత్రికలో ఉండేది కాదు. అన్నిటికన్నా చివర, ఒంటిగంట దాటాక, సిటీ ఎడిషన్ వెళ్ళేది. తాజా వార్తైనా, ఇంకేదైనా అందరికన్నా చివరిదాకా ఆగి అందరికన్నా ఎక్కువ తీసుకునేది రాజధానేనని నాకు మొదట తెలిసింది ఆ పేజీల మీదే. ఆ తర్వాతి ముప్పై ఏళ్ళలో నేను చూసిన అభివృద్ధి కూడా ఆ వరసలోనే నడిచింది.

సిటీ ఎడిషన్ అచ్చు ప్లేట్లు కిందికి వెళ్ళాక భూమి లోపల ఏదో కదిలినట్టు మొదలై, క్రమంగా మెషీన్ హోరు మేడంతా నిండేది. కుర్చీ మీద చెయ్యి పెడితే వణుకు తెలిసేది. మొదటి కాపీలు పైకి వచ్చాక తప్పులు చూసుకుని, ఆఫీసు వ్యాను ఇంకా గంటకు గాని బయలుదేరదు కాబట్టి అందరం నడుచుకుంటూ ఇరానీ హోటల్‌కు వెళ్ళేవాళ్ళం.

*

ఆ హోటల్ గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. పాలరాతి పలక పరిచిన బల్లలు, వంపు తిరిగిన చెక్క కుర్చీలు, గోడలకు అద్దాలు. గల్లా దగ్గర కూర్చున్న ముసలాయన ఎవరు వచ్చినా తల మాత్రం ఊపేవాడు. లోపల రాగి పాత్రలో డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా మరుగుతూ ఉండేవి. "ఏక్ చాయ్, ఏక్ ఖాలీ" అంటే ఒక చాయ్, దానితో పాటు పంచుకోవడానికి ఒక ఖాళీ సాసరు వచ్చేది. మీగడ పాలు ఎక్కువ కావాలనుకున్నవాడు పౌనా అని కేకేసేవాడు. జేబులో రెండు రూపాయలు ఉంటే చాలు, తెల్లవారేదాకా కూర్చోవచ్చు. లెమ్మని అన్నవాడు లేడు.

అక్కడ ఎవరెవరు కూర్చునేవాళ్ళో తలచుకుంటే ఈనాటికీ ఆశ్చర్యమే. సెకండ్ షో వదిలాక ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి ఇంటికి పోవడానికి బస్సు దొరకని విద్యార్థులు, నాంపల్లి స్టేషన్ కూలీలు, డ్యూటీ దిగిన నర్సును ఇంటికి తీసుకుపోవడానికి వచ్చి కాసేపు ఆగిన ఆమె తమ్ముడు, ఆటోవాళ్ళు, ఉర్దూ కవిత్వం రాసే ఒక రిటైర్డ్ గుమాస్తా, గస్తీ కానిస్టేబుళ్ళు, మేమూ. ఒకరి పక్కన ఒకరం కూర్చునేవాళ్ళం. నా పక్కన ఉన్నవాడి సంపాదనెంతో నాకు అనవసరం. అప్పటికి నాకు ఆ మాట తట్టలేదు గాని, రాత్రి జీవితం అంటే అదే. ఆ రోజుల్లో మేం దాన్ని ఆ పేరుతో పిలవలేదు, అంతే.

మరో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ బల్లల దగ్గర ఆడవాళ్ళు ఉండేవాళ్ళు కారు. కుటుంబాల కోసం కర్టెన్ వేసిన గదులు ఒకటి రెండు ఉండేవి గాని రాత్రి రెండింటికి అవి ఖాళీగానే ఉండేవి. మా డెస్కులోనూ రాత్రి షిఫ్టులో ఆడవాళ్ళు లేరు. దుకాణాలు, సంస్థల చట్టం ఆడవాళ్ళ చేత రాత్రి పని చేయించకూడదని చెప్పేది. ఆ నిబంధన వాళ్ళ రక్షణ కోసమేనని మేం నమ్మేవాళ్ళం. సగం ఊరు లేని రాత్రిని అందరిదీ అనుకుని ఇన్నేళ్ళు మురిసిపోయాను.

ఆడా మగా, పిల్లా ముసలీ అందరూ రాత్రంతా వీధిలో ఉండడం నేను చూసింది ఒక్క రంజాన్ నెలలోనే. మదీనా చౌరస్తా నుంచి పత్తర్‌గట్టీ మీదుగా చార్మినార్ దాకా, అక్కడి నుంచి లాడ్ బజార్ గాజుల దుకాణాల దాకా నడవడానికి చోటుండేది కాదు. చంటిపిల్లలు తండ్రుల భుజాల మీద నిద్రపోతుంటే తల్లులు గాజులు బేరం చేస్తుండేవారు. సహరీకి, అంటే ఉపవాసానికి ముందు తినే తిండికి, లేపే కేకలు వినిపించేదాకా దుకాణాలు మూసేవాళ్ళు కారు. ఏ గుమ్మంలోనూ ప్రవేశ రుసుము లేదు, చెప్పులు చూసి లోపలికి పంపాలో వద్దో తేల్చేవాడు లేడు. ఇప్పటికీ ఆ నెలలో ఆ వీధులు అలాగే ఉంటాయి. నగరంలో నా మనసు నిండే చోటు అదొక్కటే మిగిలింది.

*

నేను చేరిన కొత్తలో నెల్లూరు జిల్లా నుంచి వరసగా ఒకే రకం వార్తలు వచ్చేవి. 1992లో దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించారు. వాళ్ళను ముందుండి నడిపిన వర్ధినేని రోశమ్మ పేరు మొదటిసారి అప్పుడే రాశాను. ఊరి తర్వాత ఊరు కదిలి, 1993లో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది. నగరంలో బార్లు చీకటి పడ్డాయి. డబ్బున్నవాళ్ళు కారు వేసుకుని బీదర్ వెళ్ళి వచ్చేవాళ్ళు. లేనివాళ్ళు మానుకున్నారు, లేదా దొంగసారా తాగారు.

మా మెషీన్ విభాగంలో ఒకాయన ఉండేవాడు. పనిలో దిట్ట, తాగుడుకు బానిస. నిషేధం వచ్చిన ఏడాది ఆయన భార్య ఏదో పని మీద ఆఫీసుకు వచ్చి, "అన్నా, పెళ్ళైన ఇన్నేళ్ళకు మొదటిసారి జీతం కవరు చింపకుండా తెచ్చి నా చేతికిచ్చిండు" అని చెప్పింది. చెప్తున్నప్పుడు నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. 1997లో నిషేధం ఎత్తేశారు. ఖజానాకు ఆదాయం పోతోందని, అక్రమ రవాణాను ఆపలేకపోతున్నామని చెప్పారు. ఆ రాత్రి మొదటి పేజీ చేసింది మా షిఫ్టే. ఆ తర్వాత ప్రతి నెలా ఒకటో తారీఖున ఆమె గేటు దగ్గర నిలబడి ఉండేది, ఆయన కంటే ముందు జీతం అందుకోవడానికి. కొన్ని నెలలు అందేది, కొన్ని నెలలు అందేది కాదు.

అందుకే మద్యాన్ని రాత్రి జీవితానికి గుర్తుగా చెప్పేవాళ్ళ మాట నాకు మింగుడుపడదు. తాగడం పాపమని నేను అనను. కాని ప్రభుత్వం ఆ అలవాటు మీద ఆధారపడి బతకడాన్ని అభివృద్ధి అనలేను. 2023లో తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలకు లైసెన్సులు ఇవ్వడానికి దరఖాస్తులు పిలిస్తే లక్షా ముప్పై వేలకు పైగా వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము 2 లక్షలు. ఒక్క సీసా అమ్మకముందే, కేవలం దరఖాస్తుల మీదే, ఖజానాకు 2,600 కోట్లు దాటి వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు గేటు దగ్గర నిలబడ్డ ఆ మనిషే గుర్తొచ్చింది.

*

సెలవు రోజున నేనూ, ప్రూఫ్ రీడర్‌గా పనిచేసే మిత్రుడూ అతని బజాజ్ చేతక్ మీద మాదాపూర్ వైపు వెళ్ళేవాళ్ళం. జూబ్లీహిల్స్ దాటితే రోడ్డు సన్నబడి, రెండు వైపులా రాళ్ళు మొదలయ్యేవి. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు నిలబడ్డ ఆ గ్రానైట్ గుండ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. దుర్గం చెరువు వాటి మధ్య దాగి ఉండేది. దూరం నుంచి వడ్డెరల సుత్తి చప్పుడు ఖంగు ఖంగుమని వినిపించేది. మధ్యమధ్య ఎవరో కేకేస్తే అందరూ దూరంగా పరుగెత్తేవాళ్ళు, ఆ వెంటనే తూటా పేలేది.

1998లో సైబర్ టవర్స్‌ను ప్రధానమంత్రి వాజపేయి ప్రారంభించారు. పది అంతస్తుల ఆ గుండ్రటి భవనం ఫోటో మా పత్రికలోనూ పెద్దదిగా వేశాం. దాని చుట్టూ ఇంకా రాళ్ళే ఉన్నాయి, ఫోటోలో అవి కనిపించకుండా అంచులు కోసి వేశాం. కట్టినవాళ్ళలో ఎంతోమంది పాలమూరు వలస కూలీలు. ఊళ్ళో వానలు లేక, అప్పు తీరక, మేస్త్రీ వెంట వచ్చినవాళ్ళు. కట్టడం పూర్తవగానే గుడిసెలు పీకి ఇంకో పునాది దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళు.

నా వయసు వాళ్ళు నలుగురు కలిస్తే ఆ రాళ్ళ గురించి బాధపడతారు. నిజం చెప్పాలంటే అందులో చాలామంది బాధ రాళ్ళ కోసం కాదు, అప్పట్లో కొనకుండా వదిలేసిన గజాల కోసం. "ఆనాడు అప్పు చేసైనా తీసుకోవాల్సింది" అన్న మాట దగ్గరికే ప్రతి సంభాషణా చేరుతుంది. 2023లో కోకాపేటలో ప్రభుత్వం వేలం వేసిన భూమిలో ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికిందని తెలిసినప్పుడు మా మిత్రబృందంలో రెండు రోజుల పాటు అదే చర్చ. ఆ డబ్బు పెట్టి కొన్నవాడు దాని మీద ఏం కడతాడు, అందులో ఎవరు ఉండగలరు, ఆ ధర నగరంలో మిగతా ప్రతి గజం మీదా, ప్రతి అద్దె మీదా, చివరికి ఒక కప్పు చాయ్ మీదా ఎలా పడుతుంది అని అడిగినవాడు లేడు. ఇరానీ హోటల్ మూతపడింది చాయ్ తాగేవాళ్ళు లేక కాదు. రెండు రూపాయల చాయ్ ఇచ్చి మూడు గంటలు కూర్చోనిచ్చే వ్యాపారాన్ని మూలమీది ఆ స్థలం ధర భరించలేకపోయింది. యజమాని కొడుకులకు నెలనెలా అద్దెగా ఎంత వస్తుందో లెక్క చెప్పినవాళ్ళు చెప్పారు, వాళ్ళు ఒప్పుకున్నారు. వాళ్ళను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

*

2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వచ్చారు. ఆ వారం రాత్రుళ్ళు నగరంలో నేను ఎప్పుడూ చూడనంత పని జరిగింది. వ్యానులో ఇంటికి వెళ్తుంటే డివైడర్లకు రంగులు, కొత్త తారు, తెచ్చి పాతిన మొక్కలు కనిపించేవి. అదే వారంలో బిచ్చగాళ్ళను రోడ్ల మీద నుంచి ఎత్తుకుపోయారన్న వార్త కూడా డెస్కుకు వచ్చింది. పేజీ అంతా రాకకు సంబంధించిన విశేషాలతో నిండిపోయింది. ఫోర్‌మన్ బ్లేడు పట్టుకుని, "ఏం తీసెయ్యమంటారు సార్?" అన్నాడు. నేను ఆ వార్తలో కింది నాలుగు లైన్లు తియ్యమన్నాను. వాళ్ళను ఎక్కడికి తీసుకుపోయారో చెప్పే లైన్లు అవే. తొందరలో జరిగిన పొరపాటని అప్పుడు సర్దుకున్నాను. 2017లో ఇవాంకా ట్రంప్ పాల్గొన్న పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు నగరంలో భిక్షాటనను నిషేధించారని ఇంట్లో కూర్చుని చదివినప్పుడు ఆ నాలుగు లైన్లు మళ్ళీ కళ్ళ ముందు నిలిచాయి. ఊరి రాత్రులు అందరివీ అని ఇప్పుడు రాస్తున్న నేనే, కొందరిని ఆ రాత్రుల నుంచి తీసేస్తే పేజీలో చోటు చూసుకున్నాను.

*

మేము చిక్కడపల్లిలో అద్దెకున్న రోజుల్లో పక్క వాటాలో ఒక కుటుంబం ఉండేది. సనత్‌నగర్‌లో తండ్రి పనిచేసే కర్మాగారం మూతపడింది. పెద్దమ్మాయి డిగ్రీ అవుతూనే కాల్ సెంటర్‌లో చేరింది. అప్పటికి ఐటీ సంస్థలకు రాత్రి పని నిబంధనను సడలించారు. సాయంత్రం చీకటి పడ్డాక సందు మొదట్లో తెల్ల క్వాలిస్ బండి వచ్చి ఆగి రెండుసార్లు హారన్ కొట్టేది. ఆ హారన్‌తో వీధిలో కిటికీలన్నీ ఒక్కసారి తెరుచుకునేవి. తెల్లవారాక ఆ అమ్మాయి దిగుతుంటే మళ్ళీ తెరుచుకునేవి.

ఒకనాడు ఇంటి యజమాని నన్ను పక్కకు పిలిచి, "మీరు పత్రికలో పనిచేసేవారు, నాలుగు విషయాలు తెలిసినవారు. రాత్రంతా బయట తిరిగే ఆడపిల్ల ఉన్న ఇంటికి అద్దెకివ్వడం సబబేనంటారా?" అని అడిగాడు. నేను కూడా రోజూ తెల్లవారుజామునే ఇల్లు చేరేవాణ్ణి. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. "మీ ఇష్టమండీ" అని ఊరుకున్నాను. రెండు నెలల్లో వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. సామాను ఎక్కిస్తున్న రోజున ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "అంకుల్, మీ పేపరు ఒకటి ఇస్తారా, గిన్నెలు చుట్టుకోవాలి" అని అడిగింది. ఇచ్చాను. ఇంకేమీ అనలేదు.

ఆ కాల్ సెంటర్లు సంస్కృతిని పాడు చేశాయని మా పత్రిక ఆదివారం సంచికల్లో కథనాలు వేశాం. ఆ మాటను నేను ఈరోజు ఒప్పుకోను. తండ్రి ఉద్యోగం పోయిన ఇంటిని ఆ జీతం నిలబెట్టింది. ఈ ఊళ్ళో రాత్రిపూట ఆడపిల్ల బయట కనిపిస్తే అది ఉద్యోగం కావచ్చునని జనానికి మొదట తెలియజెప్పింది ఆ పిల్లలే. వాళ్ళకు దొరకనిది ఇరానీ హోటల్‌లో మాకు దొరికిన కుర్చీ. గేటు లోపల కేఫ్‌టేరియా ఉంది, గేటు బయట బండి తలుపు ఉంది, మధ్యలో ఊరు లేదు. వాళ్ళను తీసుకొచ్చిన డ్రైవర్లకు అదీ లేదు. వాయిదాల మీద బండి కొన్న నల్లగొండ, పాలమూరు కుర్రాళ్ళు సీటు వెనక్కి వాల్చుకుని, దోమల మధ్య, పొద్దున డ్రాప్ దాకా పడుకునేవాళ్ళు.

*

"సార్, పోదామా?" అన్నాడు దేవరకొండ కుర్రాడు. రాత్రి పది నుంచి బండి మీదే ఉన్నానని, ఇంతకుముందు జూబ్లీహిల్స్‌లో ఒక పబ్బు ముందు రెండు గంటలు ఆగానని చెప్పాడు. లోపలున్నవాళ్ళు ఎంత ఖర్చు పెట్టారో వాళ్ళు కారులో మాట్లాడుకుంటుంటే విన్నాడట. "నా నెల వాయిదా కంటే ఎక్కువ సార్" అన్నాడు. కోపంగా అనలేదు, ఆశ్చర్యంగా అన్నాడు. పబ్బు ముందు బాత్రూముకు పోవడానికి కూడా చోటు లేదని చెప్పినప్పుడు మాత్రం గొంతు మారింది.

2023లో దుకాణాలు ఏడాదికి 10,000 రూపాయల రుసుము కట్టి 24 గంటలూ తెరిచి ఉంచుకోవచ్చని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మంచిదే. కాని ఆ రుసుము కట్టగలిగిన దుకాణంలో ఈ కుర్రాడు కూర్చోలేడు, ఇతను కూర్చోగల బండిని గస్తీవాళ్ళు పదకొండున్నరకే తోసేయిస్తారు. మెట్రో చివరి రైలు అర్ధరాత్రికి ముందే వెళ్ళిపోతుంది. పబ్బులో గ్లాసులు కడిగే మనిషి దాని తర్వాతే పని దిగుతాడు. ఆస్పత్రి ఆయా, కాపలాదారు, చీకటితోనే చీపురు పట్టే మున్సిపల్ కార్మికురాలు, రాత్రిపూటే కాంక్రీటు పోసే ఒడిశా, బిహార్ కూలీలు, వీళ్ళందరూ మేలుకుని ఉంటేనే ఆ ఊరు తెల్లవారాక నడుస్తుంది. ఈ ఊళ్ళో రాత్రి బతుకుతున్నది వాళ్ళు. వాళ్ళకు ఒక బెంచీ, ఒక మరుగుదొడ్డి, ఒక చివరి బస్సు, జేబుకు అందే చాయ్ లేనంతకాలం, ఎన్ని కోట్ల దీపాలు పెట్టినా నేను దీన్ని గొప్ప నగరమని ఒప్పుకోను.

పేపర్ కుర్రాళ్ళలో కాస్త పెద్దవాడు మా మాటలు వింటున్నట్టున్నాడు. "ఆగండి సార్, ఇంకో పది నిమిషాల్లో సైకిల్ భాయ్ వస్తాడు. నాలుగింటికి ఇక్కడే ఆపుతాడు" అన్నాడు. కట్టల పక్కన అట్టముక్క పరిచి, కూర్చోమని చెయ్యి చూపించాడు. డ్రైవర్ నా వైపు చూశాడు. ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. ఊరికే కూర్చోవడం ఎందుకని నేనూ ఒక కట్ట దగ్గరికి లాక్కుని, జిల్లా సంచిక మడత సరిచేసి లోపలికి దూర్చడం మొదలుపెట్టాను. పది కాపీలయ్యేసరికి వేళ్ళు నల్లబడ్డాయి. లక్డీకాపూల్ మలుపు దగ్గర సైకిల్ గంట వినిపించింది, వెనక క్యారియర్ మీద పెద్ద ఫ్లాస్కు, హ్యాండిల్‌కు కాగితం కప్పుల సంచీ.